పడ్డవాడికే ఫౌల్

బాస్కెట్‌బాల్ ఒంటికి ఒళ్ళు తగలని ఆట అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఆ మాట మైకులో చెప్పిన పెద్దమనుషుల్ని ఎందరినో చూశాను. వాళ్ళలో ఒక్కరూ రింగు కింద నిలబడి ఎరగరు. వేసిన బంతి లోపల పడకుండా రింగుకు తగిలి వెనక్కి వస్తే దాన్ని రీబౌండ్ అంటారు. ఆ క్షణంలో అక్కడ ఆరుగురో ఏడుగురో దున్నల్లాంటి కుర్రాళ్ళు ఒకే చోటు కోసం కాచుకుని ఉంటారు. భుజాలు తగులుతాయి, నడుములు తగులుతాయి, మోచేతులు తగులుతాయి. తగలకుండా ఎట్లా ఉంటాయి? కామారెడ్డి అంగట్లో మిరపకాయలు కొనబోయినా తగులుతాయి. తగిలిందా అని అడగటం తెలివితక్కువ ప్రశ్న. ఆ చోట ముందుగా కాళ్ళు మోపింది ఎవడు, తర్వాత వచ్చినవాడు ఆ చోటును ఎట్లా తీసుకున్నాడు అని అడగాలి. దానికి జవాబు పైన గాలిలో దొరకదు. కింద, పాదాల దగ్గర, నడుముల దగ్గర దొరుకుతుంది. అందుకే రింగు కింద నిలబడ్డ రెఫరీ బంతిని చూడకూడదు. ఊరంతా బంతినే చూస్తుంది. చూడకుండా ఉండే పని వాడొక్కడిది.

ఈ సంగతి నాకు ఎవరూ నేర్పలేదు. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో నాకు గడియారాలు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. దాని వెనక గదిలోనే నా కాపురం. కాపురం అంటే నేనూ, ఒక కిరసనాయిలు స్టవ్వూ. మా అవ్వ బతికి ఉన్నన్నాళ్ళు నాకు సంబంధాలు చూసింది. ఆమె పోయాక చూసేవాళ్ళు లేరు, నేనూ ఎవరినీ అడగలేదు.

రైల్వేలో పనిచేసిన ఒకాయన వదిలేసిపోయిన స్టాప్‌వాచీ ఒకటి నా దగ్గర ఉండేది. డెబ్బైల మొదట్లో టౌనులో టోర్నమెంటు పెట్టినవాళ్ళకు టైము చూసేందుకు అది కావలసి వచ్చింది. గడియారం వెంట నేనూ వస్తానన్నాను. పరాయి చేతుల్లో దాని గతి ఏమవుతుందో నాకు తెలుసు. అట్లా స్కోరు బల్ల దగ్గర కూర్చోవటం మొదలైంది. రెండు మ్యాచులు చూసేసరికే నాకు అర్థమైంది, అక్కడ విజిల్ ఊదే డ్రిల్లు సార్లకు రూల్స్ రావని. ఒకాయన్ని అడిగాను కూడా, సార్, ఇప్పుడు ఏ రూల్ ప్రకారం ఫౌల్ ఇచ్చారని.

"రూల్ నా నోట్లె ఉంటది. నువ్వు గడియారం చూస్కో" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

ఆ నవ్వు నన్ను రెండేళ్ళు చదివించింది. రూల్స్ పుస్తకం ఒకటి అట్ట ఊడిపోయినది సంపాదించాను. అంతా ఇంగ్లీషు. పక్కన నిఘంటువు పెట్టుకుని, గిరాకీ లేని మధ్యాహ్నాల్లో ఒక్కొక్క మాటా వెతికి, పొడుగు నోటుబుక్కులో తెలుగులో రాసుకున్నాను. కొన్ని వాక్యాలకు వారం పట్టింది. ఒళ్ళు తగలటం గురించిన భాగం మాత్రం మూడుసార్లు తిరగరాశాను. చివరికి నాకు అర్థమైంది ఇది: నువ్వు ముందుగా, నేరుగా రెండు కాళ్ళ మీద నిలబడితే ఆ నేల నీది. నిటారుగా ఎగిరితే ఆ నేల మీద ఉన్న గాలి కూడా నీదే. నీ వెనకనుంచి వచ్చి నీ భుజాల మీదుగా బంతి తీసినవాడిది తప్పు. నువ్వు పిర్రలతో వాణ్ణి వెనక్కి నెట్టుకుంటూ పోతే నీది తప్పు. చదువుకున్నవాళ్ళకు ఇంత చిన్న విషయం ఎందుకు తెలియలేదో నాకు తెలియదు. పుస్తకం తెరవలేదు కనుక తెలియలేదు, అంతే.

మా వైపు నడిచే పద్ధతి వేరు. పడ్డవాడికే ఫౌల్ ఇచ్చేవాళ్ళు. రీబౌండ్‌కు నలుగురు ఎగురుతారు, ఒకడు కింద పడతాడు, జనం "పడ్డడు! పడ్డడు!" అని అరుస్తారు, విజిల్ మోగుతుంది, పక్కన నిలబడినవాడు దోషి అవుతాడు. మావి మొరం పరిచిన కోర్టులు. పడితే మోకాళ్ళు చీరుకుపోతాయి. అందుకని ఆటగాళ్ళు పడి లేచి, రక్తం కారుతున్న మోకాలిని రెఫరీ ముందు పెట్టి ఫౌల్ అడిగేవాళ్ళు. రక్తం కన్నా పెద్ద సాక్ష్యం ఏముంటుంది? కామారెడ్డి జట్టులో ఒక పొట్టివాడు ఈ విద్యలో ఆరితేరాడు. వాడు మ్యాచ్‌కు నాలుగుసార్లు పడేవాడు. పాత గాయం మీద పట్టీ కట్టుకుని వచ్చి, పడగానే పట్టీ లాగేసేవాడు.

రూల్స్ తెలిసినవాడు ఇంకొకడు లేక టోర్నమెంటువాళ్ళు నా చేతికి విజిల్ ఇచ్చాక ఈ పద్ధతిని తీసి అవతల పారేశాను. పడ్డవాడు పడ్డాడు, లేచి ఆడమను. జనం బూతులు తిట్టారు, మొరం గడ్డలు విసిరారు. ఒకసారి ఎల్లారెడ్డిలో ఒక ముసలాయన నా దగ్గరికి వచ్చి నా మొహంలోకి చూసి, "పోరడు రక్తం కారుతుంటె నీకు కండ్లు కనవడ్తలేవా బిడ్డా? గడియారాలు చూసి చూసి పోయినయా?" అని జాలిగా అడిగాడు. తిట్లకన్నా ఆ జాలి ఎక్కువ గుచ్చుకుంది. అయినా నేను మారలేదు. కొన్నేళ్ళకు నాకొక పేరు వచ్చింది. మొండివాడు, కానీ అబద్ధం ఆడడు అని. ఆ పేరు నాకు అన్నంతో సమానం అయింది.

ఆ పేరు కోసం నేను చేసినవి ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఏ జట్టు జీపూ ఎక్కేవాణ్ణి కాదు. ఎల్లారెడ్డిలో మ్యాచ్ ఉంటే లింగంపేట మీదుగా పోయే బస్సులో ఒక్కణ్ణే పోయేవాణ్ణి. దారిలో కామారెడ్డి జట్టు జీపు హారన్ కొట్టుకుంటూ బస్సును దాటిపోయేది. లోపలనుంచి పాటలు వినబడేవి. మ్యాచ్ అయ్యాక రెండు జట్లూ ఒకే హోటల్లో కూర్చుని ఒకరి నోట్లో మిర్చీలు ఒకరు పెట్టుకునేవాళ్ళు. అంతవరకు ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నవాళ్ళే. నేను బస్టాండు బెంచీ మీద కూర్చుని తిరుగు బస్సు కోసం చూసేవాణ్ణి. ఎవరి చేతి చాయ్ కూడా తాగలేదు. రమ్మని పిలిచేవాళ్ళు మొదట్లో ఉండేవారు. తర్వాత పిలవటం మానేశారు. పిలవకపోతే బాగుండునని నేనే అనుకున్నాను, మానేశాక బాగుండలేదు.

ఆ రోజుల్లోనే ఎల్లారెడ్డినుంచి ఒక పొడుగాయన నా దుకాణానికి రావటం మొదలుపెట్టాడు. వయసు ఇరవై దాటి ఉంటుంది. ముస్లింల ఇంటి అబ్బాయి. వాళ్ళ నాన్న బజారులో సైకిళ్ళు కిరాయికిచ్చేవాడు. దుకాణం గడప దగ్గర తల వంచకుండా లోపలికి రాలేడు, అంత ఎత్తు. మొదటిసారి వాళ్ళ నాన్న చేతిగడియారం తెచ్చాడు. గడియారం బల్ల మీద పెట్టి, దాని సంగతి చెప్పకుండా అడిగాడు.

"అన్నా, మొన్న నాకు ఫౌల్ ఇచ్చినవ్ గదా. నేనేం గలత్ చేసిన?"

"వెనకకెల్లి ఎక్కినవ్ తమ్మీ. వాని భుజం మీదికెల్లి చెయ్యి పెట్టినవ్."

"బంతికే తగిలింది నా చెయ్యి."

"చెయ్యి బంతికి తగిలింది. నీ ఛాతి వాని వీపుకు తగిలింది. నేను బంతి చూడ, వీపు చూస్త."

నా మొత్తం రెఫరీగిరిలో నన్ను ఆ ప్రశ్న అడిగిన ఆటగాడు ఆయనొక్కడే. మిగతావాళ్ళు అడిగేది వేరు, ఎందుకు ఇచ్చావని అరిచేవాళ్ళు. ఆయన నిజంగా తెలుసుకుందామని అడిగాడు. నేను బల్ల వెనకనుంచి లేచి రెండు స్టూళ్ళు తెచ్చి నడుమ పెట్టాను. ఒక స్టూలు రింగు, ఇంకొకటి ఎదుటివాడు. పాదాలు ఎంత ఎడంగా పెట్టాలో, ఎదుటివాణ్ణి వీపుతో ఎట్లా ఆపాలో, ఆపటానికీ నెట్టటానికీ తేడా ఏమిటో చూపించాను. నిటారుగా ఎగరమన్నాను. ఎగిరితే తల కప్పు దూలానికి తగిలింది.

"చోటు నాదే గదా అన్నా, మరి దూలం మీద ఫౌల్ ఇయ్యవా?" అన్నాడు తల రుద్దుకుంటూ.

ఆ గదిలో నవ్వు వినబడి చాలా కాలమైంది.

తర్వాత ఆయన నెలకు ఒకసారో రెండుసార్లో కామారెడ్డికి సైకిలు సామాన్ల కోసం వచ్చినప్పుడల్లా దుకాణానికి వచ్చేవాడు. ఆయనకు కూడా నేను చాయ్ పోయలేదు. నియమం నియమమే. స్టూళ్ళు మాత్రం వేసేవాణ్ణి. ఒకటి గట్టిగా చెప్పాను: ఎప్పుడూ ఫౌల్ కోసం పడకు. ఆయన పడలేదు. ఎంతమంది తన మీద పడ్డా నిలబడేవాడు. ఎల్లారెడ్డి జనం ఆయన్ని తిట్టేవాళ్ళు, పడరాదురా, పడితే ఫౌల్ వస్తది గదా అని. పడలేదు. ఏడాది తిరిగేసరికి మా తాలూకాల్లో రీబౌండ్‌కు నేరుగా నిలబడి నిటారుగా ఎగిరేవాడు ఆయనొక్కడే అయ్యాడు. పుస్తకంలో నేను రాసుకున్న వాక్యం కాళ్ళు తెచ్చుకుని కోర్టులో తిరుగుతున్నట్టు ఉండేది నాకు.

డెబ్బైల చివర్లో ఒక చలికాలం, ఎల్లారెడ్డి కాలేజీ గ్రౌండులో ఫైనల్. ఎల్లారెడ్డికీ కామారెడ్డికీ. ఆ రోజు హైదరాబాదునుంచి ఒక పెద్దమనిషి వచ్చి ముందు వరుసలో కుర్చీలో కూర్చున్నాడు. పట్నంలో ఒక సర్కారు సంస్థకు బాస్కెట్‌బాల్ జట్టు ఉండేది. ఆ జట్టులోకి తీసుకుంటే నౌకరీ కూడా వస్తుంది. ఎత్తున్న ఆటగాళ్ళను వెతుక్కుంటూ ఆయన జిల్లాలు తిరుగుతున్నాడు. ఎవరి కోసం వచ్చాడో ఎల్లారెడ్డిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మ్యాచ్‌కు ముందు పొడుగాయన నా పక్కనుంచి పోతూ, "అన్నా, ఇయ్యాల నా పాదాలు చూడు, బస్" అన్నాడు. రెఫరీ ఆటగాడికి జవాబు చెప్పకూడదు. నేను చెప్పలేదు.

ఆయన ఆ రోజు ఆడిన ఆట నేను మళ్ళీ చూడలేదు. అయినా రింగు కింద అంతసేపు ఆడేవాడికి ఫౌల్స్ పడతాయి. ఆట ముగింపుకు వచ్చేసరికి ఆయన మీద నాలుగు ఉన్నాయి. అందులో మూడు నేనిచ్చినవే, మూడూ సరైనవే. ఐదోది పడితే బయటికి పోవాలి. ఎల్లారెడ్డి ఒక్క పాయింటు ముందుంది. అరనిమిషం కూడా లేదు. కామారెడ్డివాడు దూరంనుంచి బంతి వేశాడు. రింగు కింద నిలబడింది నేను. నా కళ్ళు ఎక్కడ ఉండాలో నాకు తెలుసు. పొడుగాయన చోటు తీసుకున్నాడు, పాదాలు ఎడంగా పెట్టాడు, ఆయన వీపు వెనక కామారెడ్డి పొట్టివాడు ఉన్నాడు. అంతవరకు చూశాను.

బంతి రింగు అంచు మీద పడి తిరగటం మొదలుపెట్టింది. లోపలికీ పోదు, బయటికీ రాదు. గ్రౌండంతా ఊపిరి బిగబట్టింది. నేను తల ఎత్తాను.

ఎందుకు ఎత్తానో చాలాకాలం ఒప్పుకోలేదు. చప్పుడు ఆగిపోయింది కనుక ఎత్తానని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. ఆ బంతి లోపల పడకూడదని నాకు కోరిక కలిగింది. ఆ పొడుగాయన గెలవాలి, ఆ కుర్చీలో మనిషి చూడాలి, నౌకరీ రావాలి. అన్నేళ్ళలో మొదటిసారి నాకు ఒక పక్షం ఏర్పడింది. పక్షం ఉన్నవాడు ఏం చేస్తాడో అదే చేశాను. బంతిని చూశాను.

బంతి బయటికే పడింది. కళ్ళు దించేసరికి అది పొడుగాయన రెండు చేతుల్లో ఉంది. పొట్టివాడు నేలమీద ఉన్నాడు. మోకాలినుంచి రక్తం. "పడ్డడు! పడ్డడు!" అని జనం. ఆ రెండింటి నడుమ ఏం జరిగిందో నాకు తెలియదు. తెలియనప్పుడు ఊదకూడదు. ఇది కూడా నా నోటుబుక్కులో నేనే రాసుకున్న మాట. కానీ ఊదాను. నా నోట్లో విజిల్ మోగటం విని నేనే ఉలిక్కిపడ్డాను. ఎవరి పద్ధతిని అన్నేళ్ళు తిట్టానో ఆ పద్ధతిలోనే ఊదాను. పడ్డవాడు కనబడ్డాడు, ఊదాను.

ఊదాక వెనక్కి తీసుకోలేకపోయాను. పిడికిలి ఎత్తాను, బల్ల వైపు తిరిగి నంబరు చూపించాను, నెట్టినట్టు సైగ చేశాను. నా చేతులు ఎంత ధైర్యంగా చేశాయో! చూసినవాడెవడైనా, ఈయన కళ్ళారా చూశాడనే అనుకుంటాడు.

పొడుగాయన బంతిని కింద పెట్టి నా దగ్గరికి వచ్చాడు. అరవలేదు.

"అన్నా, చూసినవా?"

"చూసిన."

నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. ఆ రోజుల్లో ఫౌల్ చేసినవాడు బల్ల వైపు తిరిగి చెయ్యెత్తాలని నియమం. చాలామంది విసురుగా సగం ఎత్తి దించేసేవాళ్ళు. ఆయన పూర్తిగా ఎత్తాడు, స్కోరు రాసేవాడు రాసుకునేదాకా దించలేదు. తర్వాత పోయి బెంచీ మీద కూర్చుని తువ్వాలు తల మీద వేసుకున్నాడు. కామారెడ్డికి ఎవరూ అడ్డం రాకుండా వేసే ఫ్రీ త్రోలు రెండు వచ్చాయి, ఒక్కోదానికి ఒక పాయింటు, రెండూ పడ్డాయి. ఒక్క పాయింటుతో ఎల్లారెడ్డి ఓడిపోయింది. కుర్చీలో పెద్దమనిషి లేచి, ఆఖరి నిమిషంలో నాలుగు ఫౌల్స్ మీద ఉండి నెట్టేవాడి తలకాయ మాకు పనికిరాదని ఎల్లారెడ్డి డ్రిల్లు సారుతో అని జీపెక్కాడు. నా చెవుల్లోనే పడింది. ఒక్క మాట చెప్పడానికి నాకు వ్యవధి ఉంది. జీపు స్టార్టు కాక రెండుసార్లు మొరాయించింది కూడా. నేను విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాను.

జనం నన్ను చుట్టుముట్టారు. కామారెడ్డివాడు కామారెడ్డికే ఇచ్చుకున్నాడు అన్నారు. అమ్ముడుపోయాడు అన్నారు. ఆ మాటకు నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. నన్నా? ఒక చాయ్ తాగనివాణ్ణి, ఒక జీపెక్కనివాణ్ణి! ఆ కోపంతో చాలా ఏళ్ళు బతికాను. స్టేషన్ రోడ్డులో ఎవరు దొరికినా ఆ సంగతి ఎత్తి, చూశారా, నన్ను అమ్ముడుపోయాడన్నారు అని వాదించేవాణ్ణి. వినేవాళ్ళు నా వైపే మాట్లాడేవాళ్ళు. ఆ నింద తప్పు కనుక నాకు దాంతో హాయిగా ఉండేది. దాని కింద అసలు తప్పును కప్పిపెట్టుకున్నాను.

పొడుగాయన మళ్ళీ దుకాణానికి రాలేదు. స్టూళ్ళు మూలకు చేరాయి. ఆయన గల్ఫుకు పోయాడని రెండేళ్ళకు ఎవరో చెప్పారు, అక్కడ లారీ నడుపుతున్నాడట. నేను విజిల్ ఊదుతూనే ఉన్నాను. ఇంకా కచ్చితంగా ఊదాను. బంతి ఏ రంగుదో తెలియకుండా ఆట ముగించిన రోజులున్నాయి. పేరు ఇంకా పెరిగింది. గడియారాల పని మాత్రం తగ్గిపోయింది. సెల్లుతో నడిచే గడియారాలు వచ్చాయి, ఆగిపోతే సెల్లు మార్చడం, లేదంటే పారేయటం. రోజంతా దుకాణంలో కూర్చుంటే ఒక మనిషి వచ్చేవాడు, అదీ టైము ఎంతైందని అడగటానికి.

తొంభైల మొదట్లో కామారెడ్డిలో కొత్త డ్రిల్లు సార్లకు మూడు రోజుల శిక్షణ పెట్టారు. రీబౌండ్ దగ్గర ఫౌల్ ఎట్లా చూడాలో చెప్పమని నన్ను పిలిచారు. ఏడో తరగతి వాణ్ణి, ఎదురుగా డిగ్రీలవాళ్ళు! గర్వపడ్డానని చెప్పటానికి సిగ్గులేదు. బంతిని చూడొద్దు, చోటును చూడండి అని గంటసేపు చెప్పాను. చివర్లో ఒక కొత్త సారు లేచాడు.

"సార్, ఎన్కనించి అందరు ఒర్రుతుంటె తల పైకి పోకుంట ఎట్ల ఉంటది? మీరు ఒక్కసారన్న బంతి చూడలేదా?"

"ఒక్కసారి కూడ చూడలే" అన్నాను.

వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లతో గదికి వచ్చి అన్నం వండుకున్నాను, తినలేకపోయాను. మొదటి అబద్ధం క్షణంలో జరిగింది. ఇది గంటసేపు పాఠం చెప్పి, తాపీగా ఆడిన అబద్ధం. పొడుగాయన గల్ఫునుంచి వచ్చేసి, వాళ్ళ నాన్న దుకాణంలోనే టైర్లకు పంక్చర్లు వేస్తున్నాడని అంతకుముందే విన్నాను. మర్నాడు పొద్దున్నే ఎల్లారెడ్డి బస్సెక్కాను. దారంతా చెప్పవలసిన వాక్యం కూడదీసుకున్నాను.

ఆయన లారీ ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. గడ్డంలో తెల్లవెంట్రుకలు. నన్ను చూసి లేచాడు.

"అన్నా! ఎన్నేండ్లాయె! రా, కూసో. అరె, అన్నకు చాయ్ చెప్పుండ్రి" అన్నాడు పక్క హోటలు వైపు తిరిగి. నేను అలవాటు కొద్దీ వద్దన్నాను. "అన్నా, ఇంక నేనేం మ్యాచ్ ఆడుత? తాగు. నీ ఇజ్జత్ ఏం పోదు" అని నవ్వాడు.

గ్లాసు చేతిలో పెట్టుకునే చెప్పాను. ఆ రోజు నేను చూడలేదు తమ్మీ. బంతిని చూసిన. చూసిన అని నీకు అబద్ధం చెప్పిన.

ఆయన ట్యూబు పక్కన పెట్టాడు. "మల్ల చెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పాను.

ఆయన చేతులు తువ్వాలకు తుడుచుకుని, తుడిచిన చేతులనే మళ్ళీ తుడుచుకున్నాడు.

"నేను తోసిన అన్నా" అన్నాడు చివరికి.

"తోయలేదేమో."

"నీకు తెల్వది గదా."

"తెల్వది."

"నాకు గుడ ఇప్పుడు తెల్వది. ఆ దినం తెల్సు. తోయలేదని ఖరారుగ తెల్సు. గని నువ్వు చూసిన అన్నవ్. ఎల్లారెడ్డి అంత నిన్ను తిట్టింది, అమ్ముడువోయిండు అని. మా అబ్బ గుడ తిట్టిండు. నేనొక్కన్నే అనలే. ఆయన గసుంటోడు కాదు, చూసిన అన్నడంటే చూసిండు అని మా అబ్బతోని కొట్లాడిన. ఆడ దేశంగాని దేశంల పండుకొని అదే సోంచాయిస్తుండె. నా నడుము యాడున్నది, నా మోచెయ్యి యాడున్నది అని. సోంచాయించంగ సోంచాయించంగ తోసినట్టే యాదికొచ్చింది. ఇప్పుడు కండ్లు మూసుకుంటె తోసినట్టే కనవడ్తది."

నేను అబద్ధం ఆడనన్న పేరును ఈ మనిషి తన ఒంటికన్నా ఎక్కువ నమ్మాడు. ఆ పేరును నేను ఒక్కొక్క చాయ్ మానుకుని, ఒక్కొక్క మనిషిని దూరం పెట్టుకుని సంపాదించుకున్నాను. దాంతోనే ఆయన్ని కొట్టాను.

"తిట్టు తమ్మీ" అన్నాను.

"తిట్టి ఏం జేస్త?"

"మాఫ్ అన్న చెయ్యి."

ఆయన ఆలోచించాడు. ఊరికే అనేసి పంపించే మనిషి కాదు. "అది నోట్లకెల్లి వస్తలేదన్నా. ఇయ్యాల రాదు" అన్నాడు. తర్వాత, "ఎవరికన్న చెప్పినవా?" అని అడిగాడు.

"లేదు."

"చెప్పకు. మా అబ్బ ఆఖరికి నా మాట నమ్మి, తప్పు నాదే అనుకుంట పోయిండు. నా పెండ్లానికి, పిల్లలకు అదే చెప్పిన. కోపంల తోసిన, నౌకరి పోయింది, మీరు ఎవరిని తోయకుండ్రి అని. పిల్లలు నా మాట ఇన్నరు, మంచిగున్నరు. ఇప్పుడు పోయి, నేను తోయనే లేదు అంటె, ఇన్నేండ్ల మాటలన్ని యాడ పెట్టుకోవాలె?"

అంతలో ఒక లారీ వచ్చి ఆగింది. ఆయన జాకీ తీసుకుని దాని కిందికి పోయాడు. నేను కాసేపు కూర్చుని, ఖాళీ గ్లాసు బెంచీ మీద పెట్టి లేచాను. లారీ కింద ఆయన కాళ్ళు కనబడుతున్నాయి. పోతున్న అని కాళ్ళకే చెప్పాను. "ఆ, మంచిది అన్నా" అని కిందనుంచి మాట వచ్చింది.

కామారెడ్డికి వచ్చాక నాకొక ఆలోచన పుట్టింది. ఆ రోజు ఏం జరిగిందో తెలిసినవాడు ఇంకొకడు ఉన్నాడు, పడ్డవాడు. వాడు తోయలేదంటే, ఆ మాట తీసుకుని మళ్ళీ ఎల్లారెడ్డికి పోవచ్చు. ఆయన ఇంట్లో చెప్పుకున్నా చెప్పుకోకపోయినా, తనకు తానైనా తెలుసుకుంటాడు. తోశాడంటే, నా విజిల్ గుడ్డిగానైనా సరైన చోట మోగిందని తెలుస్తుంది. రెండింట్లో ఏదైనా సరే నాకు కావాలి. ఆ పొట్టివాడు అప్పటికి లావెక్కి, కొత్త బస్టాండు దగ్గర ఎరువుల దుకాణం పెట్టుకున్నాడు. నన్ను చూసి కౌంటరు దిగి వచ్చి కాళ్ళకు దండం పెట్టబోయాడు. ఎల్లారెడ్డి ఫైనల్ గుర్తుందా అని అడిగాను.

"ఎందుకు యాదిలేదన్నా? ఒక్క పాయింటుతోని గెల్చినం. నువ్వు పులి లెక్క ఊదినవ్."

"ఆఖరుకు నువ్వు పడ్డవ్. ఆయన తోసిండా?"

వాడు పెద్దగా నవ్వాడు. దుకాణంలో ఉన్న రైతులు ఇటు చూశారు.

"అన్నా, గా జమానాల నేను గాలి తగిల్నా పడుతుంటి. ఎన్నిసార్లు పడ్డనో, ఎవడు తోసిండో, ఎవడు తోయలేదో నాకెట్ల తెలుస్తది? నువ్వే గదా చూసినోనివి. నువ్వే చెప్పాలె."

నేను వచ్చేశాను. ఎల్లారెడ్డికి తీసుకుపోవటానికి నా దగ్గర ఏమీ లేకపోయింది, అందుకని పోలేదు. ఆ తర్వాత విజిల్ ఊదలేదు. కళ్ళు మందగించాయని కబురు పంపాను, అందరూ నమ్మారు.

ఎవరికీ చెప్పొద్దని ఆయన అడిగాడు. ఇన్నేళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను కనుక ఎవరి పేర్లూ రాయలేదు, నా పేరు కూడా. ఒక్కటి మాత్రం చెప్పాలి. రాత్రో పగలో ఆ క్షణాన్ని నేనూ వెతుక్కుంటాను. బంతి స్పష్టంగా కనబడుతుంది. దాని మీద అరిగిపోయిన గీతలు, రింగు అంచు మీద అది తిరిగిన మూడు చుట్లు, బయటికి ఒరిగిన పక్క, అన్నీ కనబడతాయి. దాని కింద ఇద్దరు మనుషులు ఉన్నారు. వాళ్ళు కనబడరు.